గాజుల కారుకు కొత్త నెంబరు

మా ఇంటి కింది వాటాలో ఉండే శ్రీహరి మామకు బీదర్‌లో గాజుల దుకాణం ఉంది. దుకాణంలో కూర్చునేది ఆయన భార్య గౌరమ్మత్త. మామ మాత్రం పదమూడేళ్లు తన తెల్ల ఆల్టోలో గాజుల పెట్టెలు వేసుకుని ఊళ్లు తిరిగాడు. సోమవారం మన్నళ్ళి, బుధవారం చిమ్కోడ్, పెళ్లిళ్ల కాలంలో భాల్కి దాకా. చిన్నప్పుడు సెలవుల్లో నేనూ వెళ్లేదాన్ని. వెనక సీట్లో పెట్టెల మధ్య పుస్తకం పట్టుకుని కూర్చుంటే, గుంతలు వచ్చిన ప్రతిచోటా కారును నడక వేగానికి తెచ్చేవాడు. పిల్ల చదువుకుంటోందని కాదు, గాజులు పగులుతాయని.

ఊళ్లోకి వెళ్లాక ఎవరి అరుగు మీదో దస్తీ పరిచేవాడు. ఆడవాళ్లు వరసగా చేతులు చాపేవారు. బొటనవేలి కింది ఎముకను మెత్తగా నొక్కి, వాళ్లను మాటల్లో పెట్టి గాజు ఎక్కించేవాడు. నొప్పి తెలిసేలోపు డజను పూర్తయ్యేది. మామ చేయి మంచిదని కొత్త పెళ్లికూతుళ్లు ఆ కారు కోసం ఎదురుచూసేవారు.

ఆ కారు నెంబరు ఏపీ 23తో మొదలయ్యేది. మామది రాష్ట్ర సరిహద్దుకు అవతలి జహీరాబాద్. బతుకుదెరువుకు బీదర్ వచ్చినా, కారు కొన్నప్పుడు బావమరిది అడ్రసు మీద అక్కడే రిజిస్ట్రేషన్ చేయించాడు. లైఫ్ టాక్స్ రసీదును ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రంగా దాచాడు. ఒకసారి కట్టేశాక ఎక్కడ తిరిగినా పరవాలేదని ఆయన నమ్మకం. ఎవరైనా ఆపి అడిగితే, రేపే జహీరాబాద్ వెళ్లిపోతున్నామని చెప్పేవాడు. ఆ రేపు పదమూడేళ్లు సాగింది.

పోయిన ఏడాది మామ కళ్లకు నీటికాసుల జబ్బు వచ్చి చూపు మందగించింది. ఇక స్టీరింగ్ పట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. కారు ఆరు నెలలు వాకిట్లోనే నిలబడి ఉంది. చివరికి అమ్మాలనుకున్నారు.

మొదట వచ్చింది చిమ్కోడ్ కాశీబాయి. మామ దగ్గరే టోకున గాజులు కొని జాతరల్లో అమ్ముతుంది. ఆమె కూతురు నేహా కొత్తగా లైసెన్సు తీసుకుంది. కారుంటే మామలాగే ఊళ్లు తిరిగి అమ్మవచ్చని వాళ్ల ఆలోచన. బేరం కుదిరింది. చాయ్ కూడా తాగారు. అప్పుడు మామ ఆర్టీవో ఆఫీసు ముందు కాగితాలు నింపే హనుమంతన్నను పిలిపించాడు.

హనుమంతన్న రసీదును అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. “అన్నా, బండి ఇక్కడికి తెచ్చిన ఏడాదికే ఇది కర్ణాటకకు మార్చుకోవాల్సుండె. పన్ను మనిషిది కాదు, బండిది. ఒక్క రాష్ట్రంల చేతులు మారితే పేరు మార్చి ఫీజు కడితే అయిపాయె. రాష్ట్రం మారితే ఈ రాష్ట్రం పన్ను మళ్ల కట్టాలె.”

జహీరాబాద్ నుంచి అభ్యంతరం లేదనే కాగితం తేవాలనీ, బండి వయసును బట్టి ఇక్కడి పన్ను కాస్త తగ్గుతుందనీ, నెంబరు కూడా కేఏ 38గా మారుతుందనీ చెప్పాడు. పన్ను ఎంతవుతుందో విన్నాక కాశీబాయి కొంగు సర్దుకుని లేచింది. ఆలోచించి చెబుతానంది. ఆలోచించడానికి ఆమె దగ్గర అంత డబ్బు లేదని మాకందరికీ తెలుసు.

మర్నాడు జహీరాబాద్‌లో పాత కార్లు కొనే ఆయన ఫోన్ చేశాడు. బండి అక్కడిదే, కొనేదీ అక్కడే కాబట్టి కొత్త పన్ను లేదు, నెంబరు మారదు, ధర కూడా కాశీబాయి ఇచ్చే దానికంటే ఎక్కువ. మామ ముఖం విచ్చుకుంది. ఎక్కువ ధర కంటే నెంబరు మారదన్న మాటే ఆయనకు నచ్చింది. పుట్టిన ఊరి నుంచి తన దగ్గర మిగిలింది అదొక్కటేనన్నాడు.

“నెంబరు మీద అంత పానముంటే పలక మీద రాసి గోడకు తగిలియ్యి. దాన్ని ఆయనకెందుకు ఇస్తవ్?” అంది గౌరమ్మత్త.

మామ సాయంత్రం నన్ను పిలిచి, ఆ జహీరాబాద్ ఆయనకు ఫోన్ కలపమన్నాడు. కారు చివరికి ఎవరి దగ్గరికి పోతుందని అడిగాడు. పాత ఆల్టోలు ఎక్కువగా డ్రైవింగ్ నేర్పేవాళ్లు కొంటారని ఆయన చెప్పాడు. ఫోన్ పెట్టేశాక మామ వాకిట్లోకి వెళ్లి కారు మీది దుమ్మును చేత్తో తుడిచాడు. తర్వాత, “చిమ్కోడ్‌కు బుధవారం నాడు గాజులేసుకొని ఎవ్వరన్న పోతున్రా?” అన్నాడు.

ఆరు నెలలుగా ఎవరూ పోవడం లేదని అత్త చెప్పింది.

“కాశీబాయికి చెప్పు. పన్నుల సగం పైసలు కారు ధరలకెల్లి తగ్గిస్తనని.”

కాగితాలు వచ్చాక ఒక్కో గడీ నేను చదివాను. నా వేలు ఉన్నచోటల్లా మామ సంతకం చేశాడు. బండి ఏ రాష్ట్రానికి పోతుందన్న గడి దగ్గర ఒక్క క్షణం ఆగి, “కర్ణాటక అని రాయమ్మా” అన్నాడు. పిల్లను అత్తవారింటికి పంపేటప్పటి గొంతు అది.

నెలన్నర తర్వాత కాశీబాయి, నేహా కారు తెచ్చి వాకిట్లో ఆపారు. కొత్త నెంబరు చదవమని మామ నన్ను రెండుసార్లు అడిగాడు. ఒకసారి తనలో తాను అనుకున్నాడు. తర్వాత వెనక తలుపు తీయించి, పచ్చ గాజుల పెట్టె పైనా, చిన్నపిల్లలవి కిందా సర్దించాడు. ఏ ఊళ్లో ఏ ఇంటి ముందు ఆపాలో, ఎవరిది గట్టి చెయ్యో కాశీబాయికి ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు.

“మన్నళ్ళిల సుమిత్రాబాయి రెండు-నాలుగు సైజు అడుగుతది. అది ఆమె పెండ్లినాటి సైజు, ఇప్పుడు పట్టది. నువ్వు రెండు-ఆరు తొడుగు. రెండు-నాలుగే అని చెప్పు.”

“ఆమెకు తెల్వదా అన్నా?”

“ఎందుకు తెల్వదు? అయినా అట్లనే చెప్పాలె.”