జంక్షన్‌కీ టౌన్‌కీ మధ్య ఇల్లు

భీమవరానికి రెండు రైల్వే స్టేషన్లు. ఒకటి జంక్షన్, రెండోది టౌన్. ఎవరు ఏ ముహూర్తాన కట్టారో గానీ, నాలాంటివాళ్ళకి దిగేది ఎప్పుడూ ఒకచోట, ఎక్కేది ఇంకోచోట. నేనుండేది పాలకొల్లులో. ఆకివీడు దగ్గర ఒక బళ్ళో లెక్కలు చెబుతాను. పొద్దున్న నేనెక్కే రైలు నన్ను జంక్షన్‌లో దింపేసి నిడదవోలు దారి పడుతుంది. ఆకివీడు వెళ్ళే రైలు టౌన్‌లో దొరుకుతుంది. ఈ రెంటికీ మధ్య చురుగ్గా నడిస్తే అరగంట దూరం.

ఆటో ఎక్కొచ్చుగా అని అందరూ అంటారు. ఎక్కాను, ఎక్కకపోలేదు. ముగ్గురు పట్టేచోట ఏడుగురిని కుక్కి, చాలదన్నట్టు ఎవరిదో రొయ్యల సంచీ నా ఒళ్ళో పెట్టారు. ఆ రోజంతా ముందు బెంచీ పిల్లలు ముక్కు మూసుకునే లెక్కలు చేశారు. ఆ మర్నాటి నుంచీ నడకే. "రోజూ రోడ్లు తనిఖీ చేస్తున్నావు, మున్సిపాలిటీ వాళ్ళు నీకో జీతం పడేస్తే బావుణ్ణు" అని మా ఆయన ఆటపట్టిస్తారు. పట్టించుకోను. నన్నెవరూ ఏమీ అడగని అరగంట రోజు మొత్తంలో అదొక్కటే. రొయ్యల మేత దుకాణాల షట్టర్లు పైకి లేస్తుంటాయి, ఐసు లారీలు రోడ్డంతా నీళ్ళు కార్చుకుంటూ పోతుంటాయి, దిబ్బరొట్టె కాలే వాసన సందు మలుపు దాకా వస్తుంది. వీటన్నిటినీ చూస్తూనే నడుస్తాను గానీ ఎక్కడా ఆగను. తొమ్మిదింటికల్లా బళ్ళో ఉండి ఫోనుకి ముఖం చూపించాలి. అది ముఖం గుర్తుపడితేనే హాజరు. టౌన్‌లో రైలు తప్పిందంటే సగం రోజు సెలవు పోయినట్టే.

ఒకరోజు మాత్రం ఆగాల్సొచ్చింది. ఓ పెద్ద మేడ ముందు నా చెప్పు తెగింది. పిన్నీసు కోసం సంచీ అంతా గాలిస్తుంటే వరండా గ్రిల్లు వెనక నుంచి పిలుపు వినిపించింది.

"అమ్మాయిగారూ, లోపలికి రండి."

డెబ్బై దాటిన మనిషి. తెల్లటి జుట్టు, ముదురాకుపచ్చ నేతచీర. రైలు టైమయిందని చెప్పాను. సరేనని లోపలికి వెళ్ళి ఒక జత చెప్పులు పట్టుకొచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టారు. తోలు మెత్తబడింది, రంగు కూడా కాస్త వెలిసింది, అడుగు మాత్రం కొత్తగా ఉంది.

"ఎప్పుడు కొన్నారండీ ఇవి?"

"చాన్నాళ్ళయిందండి. అరగడానికి నేనెక్కడ నడిచాను?"

మొదట్లో ఆ మాట నాకు బోధపడలేదు. తర్వాత రోజుకో ముక్క చొప్పున, గేటు దగ్గర నిలబడినంతసేపట్లో తెలిసింది. ఆ పక్క కొన్ని పెద్ద ఇళ్ళల్లో ఆడవాళ్ళు వీధిలో నడిచేవాళ్ళు కాదు. కొత్త కోడలిగా ఆవిడ తెరలు కట్టిన కారులో ఆ ఇంటికొచ్చారట. ఇప్పుడా తెరలూ లేవు, అడ్డు చెప్పేవాళ్ళూ లేరు. కోడళ్ళు స్కూటీల మీద ఊరంతా చుట్టబెడతారు. కానీ మామ్మగారు గేటు దాకా వస్తే చాలు, డ్రైవరు పరుగున వెళ్ళి కారు తీస్తాడు. కొడుకు రొయ్యల చెరువుల దగ్గర ఎంత పనిలో ఉన్నా ఫోను చేసి "ఎక్కడికండీ అమ్మా?" అంటాడు. నడవొద్దని ఎవరూ అనలేదు, నడవనివ్వడమూ లేదు. ఇంతమంది మర్యాద చేస్తుంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆవిడకి తెలియలేదు.

చెప్పులు తిరిగివ్వబోతే పుచ్చుకోలేదు. "ఉంచండి. అవైనా నా బదులు ఊరు చూస్తాయి" అన్నారు. ఆ రోజు నుంచీ నా నడకంతా వాటితోనే.

నా ఫోను నంబరు తీసుకున్నారు. నేను కనబడని రోజున సెలవేమో కనుక్కునేవారు. గేటు దగ్గర ఆగినప్పుడల్లా ప్రశ్నలే: టౌన్ స్టేషన్లో బెంచీలు ఎలా ఉంటాయి, టీ ఎవరమ్ముతారు, దారిలో వంతెన ఎంతుంటుంది. ఆవిడ స్టేషను చూడకపోలేదు, తిరుపతికి ఎన్నోసార్లు వెళ్ళారు. కారు స్టేషను గుమ్మానికి ఆనుకుని ఆగుతుంది, చుట్టూ పదిమంది నిలబడి ఏసీ పెట్టెలో ఎక్కించేస్తారు. అంతమంది మధ్య ఇంకేం కనిపిస్తుంది?

ఒకరోజు అడిగేశారు. "నాకొక్కసారి నడిచి వెళ్ళాలనుందండి."

"ఏ స్టేషనుకండీ?"

"ఏదైనా సరేనండి. పెళ్ళయిన కాణ్ణుంచీ రెండు కూతలూ వింటూనే ఉన్నాను. ఈ చెవిన జంక్షన్, ఆ చెవిన టౌన్."

పైకి నవ్వాను గానీ లోపల లెక్క వేసుకున్నాను. ఆవిడ నడకతో నా రైలు అందుతుందా? ఆ సంగతి మొహమాటపడకుండా చెప్పేశాను. "మామ్మగారండీ, నాకు రైలు తప్పకూడదండి."

"తప్పనివ్వనండి. మాటిస్తున్నాను" అన్నారు.

ఎండ ఇంకా ముదరని మాఘమాసంలో ఒక సోమవారం బయల్దేరాం. కొత్త చెప్పులు తొడుక్కుని, కొంగు నిండా కప్పుకుని, నేను జంక్షన్ నుంచి వచ్చేసరికే గేటు బయట నిలబడి ఉన్నారు. డ్రైవరు పైపు పెట్టి కారు కడుగుతున్నాడు. "ఒక్క నిమిషం అమ్మగారండీ, తుడిచేస్తానండి" అని కంగారుపడ్డాడు.

"అక్కర్లేదు. నడుస్తాను" అన్నారు మామ్మగారు. పైపు అక్కడే పడేసి వాడు ఇంట్లోకి పరిగెత్తాడు.

వాన పడ్డాక పొలం గట్టు మీద నడిచినట్టు ఒక్కో అడుగూ చూసుకుని వేస్తున్నారు. నాలుగడుగులకోసారి ఆగుతున్నారు. దిబ్బరొట్టె బండి దగ్గర ఆగి, పెనం మీద మూత ఎందుకు పెట్టావని అడిగారు. రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్ల దుకాణం ముందు ఆగి, "ఇదా! రాత్రీ పగలూ మా వాళ్ళు దీని గురించే మాట్లాడుకుంటారు" అని దాని రెక్క పట్టుకుని తిప్పి చూశారు. ఈలోగా దుకాణం ఆయన ఆవిణ్ణి గుర్తుపట్టి లేచి నిలబడి, "అమ్మగారు నడిచొస్తున్నారేంటండీ!" అని కుర్చీ తెచ్చి రోడ్డు మీదే వేశాడు. కూర్చోకపోతే ఆయన నొచ్చుకుంటాడని కూర్చున్నారు. మరో నాలుగు దుకాణాలు దాటాక ఇంకొకాయన మజ్జిగ తెప్పించాడు. కాదంటే బాగుండదని తాగారు.

నిజం చెప్పొద్దూ, నాకు విసుగొచ్చింది. ఫోను తీసి చూశాను, మళ్ళీ తీసి చూశాను. కాలవ వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇంకా సగం దారి మిగిలే ఉంది. నేనొక్కదాన్నే పరిగెత్తినా అందుకునేలా లేను. మామ్మగారు వంతెన మీద రెయిలింగు పట్టుకుని కిందికి చూస్తున్నారు. కాలవలో చూడ్డానికేముంది, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు. అదేదో గోదావరి అన్నంత ఇదిగా చూస్తున్నారు. ఆ ముఖం చూశాక విసుగు నిలవలేదు. పోతే పోయింది సగం రోజు సెలవు అనుకుని నేనూ ఆవిడ పక్కన నిలబడ్డాను. హాయిగానే ఉంది.

అప్పుడొచ్చింది కారు. డ్రైవరు కాదు, కొడుకే నడుపుకుంటూ వచ్చారు. యాభై దాటిన మనిషి, చొక్కా బొత్తాలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టి ఉన్నాయి. దిగి వెనక తలుపు తీశారు.

"ఎక్కండమ్మా. చెబితే నేను తీసుకెళ్ళేవాణ్ణి కదండీ" అన్నారు. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

అయిపోయింది అనుకున్నాను. స్టేషను దాకా కారు, ప్లాట్‌ఫారం మీద కుర్చీ, మళ్ళీ ఇంటిదాకా కారు. మామ్మగారు తీసి ఉన్న తలుపు వంక చూశారు. నా చేతిలో ఫోను వంక చూశారు.

"అమ్మాయిగారూ, మీరెక్కండి" అన్నారు.

"నేనాండీ?"

"ఆయ్. రైలు తప్పనివ్వనని మాటిచ్చాను." కొడుకు వైపు తిరిగారు. "టీచరుగారిని టౌన్ స్టేషన్లో దింపండి బాబూ."

"మరి మీరండీ?"

"నడిచొస్తాను."

ఆ ఇంట్లో అమ్మ మాటకి ఎదురు చెప్పే అలవాటు లేదు. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి గేటు దాటనివ్వని ఆ మర్యాదే ఇప్పుడు కొడుకు నోరు కట్టేసింది. ఆయన నన్నెక్కించి తలుపు వేశారు. రోజూ కాళ్ళీడ్చుకుంటూ పోయే దారిలో నేను చల్లటి కారులో వెళ్ళాను. ఆయన అద్దంలో వెనక్కే చూస్తున్నారు. "పడిపోతారేమోనండి" అన్నారు. "పడరండి" అన్నాను, నాకేదో తెలిసినట్టు. నేనూ వెనక్కి తిరిగి చూశాను. వంతెన దిగుతూ, ఐసు లారీకి దారిచ్చి పక్కకి నిలబడి, మళ్ళీ అడుగు వేస్తూ చిన్నగా కనిపించారు.

రైలు అప్పటికే వచ్చి ఉంది. ఎక్కి తలుపు దగ్గరే నిలబడ్డాను. బండి కదిలింది, ప్లాట్‌ఫారం అయిపోయింది, మామ్మగారు రాలేదు. నాకు నిజంగా దిగులేసింది. ఆవిడ చేరుకోవడం నా కళ్ళతో చూడాలని ఉంది.

సీటు దొరికి కూర్చున్నాను. ఆకివీడు వస్తోందనగా ఫోను మోగింది. ముందు ఆయాసం వినిపించింది, వెనక టీ అమ్మేవాడి కేక.

"మీకు రైలు దొరికిందాండీ?"

"దొరికిందండి. మీరు?"

"బెంచీ మీద కూర్చున్నాను. మావాడు పక్కనే ఉన్నాడు, టీ తాగుతున్నాడు." మనవడు పుట్టాడని చెప్పినంత సంబరంగా అన్నారు. "నాకు రెండు కాళ్ళకీ చెప్పులు కరిచాయండి!"

పైకే నవ్వేశాను. ఎదుటి సీటామె వింతగా చూసింది.

"కొబ్బరినూనె రాసుకోండి మామ్మగారండీ. తగ్గేదాకా నడవకండి."

"రాసుకుంటాలెండి. కానీ జంక్షన్ ఒకటి ఉండిపోయింది కదా. సాయంత్రం గేటు దగ్గరుంటాను, మీ కాళ్ళనున్న నా చెప్పులు నాకిచ్చేయండి. వాటికి నడవడం వచ్చేసుంటుంది."