ఉన్ని రాజుకు గొడుగు

ఇంగ్లండులో మా వీధి మలుపులో ఎర్ర పోస్టు డబ్బా ఉంది. విల్ఫ్ హేగ్ ఉద్యోగం చేసినన్నాళ్లూ అందులోంచి ఉత్తరాలు తీశాడు. రిటైరయ్యాక కూరగాయల మడి పెట్టుకున్నాడు. ఆయనకు రాజులంటే గిట్టదు. "పుట్టుకతో గొప్పవాడు ఏసు ఒక్కడే. ఆయనైనా పశువుల కొట్టంలోనే పుట్టాడు" అంటాడు.

"ఆ డబ్బా మీద కిరీటం గుర్తు లేదూ? ఇన్నాళ్లూ రాజుగారి తిండి తిని ఇప్పుడు వాగుతున్నావా?" అని పక్కింటి హిల్డా దెప్పేది.

కొత్త రాజు పట్టాభిషేకం వస్తోందని హిల్డా చలికాలమంతా కూర్చుని ఉన్నితో రాజు బొమ్మ అల్లింది. దాన్ని డబ్బా నెత్తిన కూర్చోబెట్టింది. ఆమె వేళ్లకు కీళ్లవాతం. ఇక ఇదే ఆఖరి అల్లిక అని మా అందరికీ తెలుసు. తీరా పట్టాభిషేకం రోజు పొద్దున వాన పట్టుకుంది. ఆ వేడుక చూద్దామని చర్చిలో పెద్ద టీవీ ముందు అందరితో కూర్చున్నా ఆమె చూపంతా కిటికీ మీదే.

"నా రాజు నానిన రొట్టె అయిపోతాడమ్మా" అంది నాతో. ఉండబట్టలేక ఇద్దరం పరుగెత్తాం.

డబ్బా పక్కన విల్ఫ్ నిలబడి ఉన్నాడు. తను తడుస్తూ, తన పెద్ద గొడుగు బొమ్మకు పట్టాడు.

"ఏంటయ్యా, రాజుకు గొడుగు పడుతున్నావ్! మనసు మారిందా?" అంది హిల్డా.

"రాజుకెవడు పట్టాడు? నీ వేళ్ల కష్టానికి పట్టాను. వాగుడు ఆపి టీ పట్రా."

ఆమె టీతోపాటు ఆయనకో కుర్చీ కూడా మోసుకొచ్చింది. దేవుడి దయవల్ల బొమ్మ తడవలేదు. పట్టాభిషేకం మాత్రం మేం ముగ్గురం చూడనే లేదు.