భూమన్న బిగించిన డిఫరెన్షియల్, నేను వేసిన పట్టీ

కోరుట్ల మెకానిక్ భూమయ్య గౌడ్ ఇక లేడన్న వార్త గల్ఫ్ నుంచి పొద్దున్నే వచ్చింది. అక్కడ ఆయన గదిలోనే ఉండే మల్లాపూర్ మనిషి ఫోన్ చేసి, "జమీలన్నా, డ్యూటీకి లేపితె భూమన్న లేవలే. ఒళ్లు సల్లగైంది" అన్నాడు. నేను "ఎవరు? ఎవరు?" అంటూనే ఉన్నాను. విన్న మాట చెవిలోనే ఆగిపోయింది, లోపలికి దిగలేదు. పార్థివ దేహం పద్దెనిమిది రోజులకు చెక్కపెట్టెలో ఇల్లు చేరింది. వెంట వచ్చిన కాగితంలో వృత్తి అన్నచోట కూలీ అని రాసి ఉంది. అది చదివి నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఆ మహాశిల్పి ఎవరో తెలియని వాళ్లు అట్లాగే రాస్తారు. తెలిసినవాణ్ణి నేను రాయాలి.

తెలుగు పండిత శిక్షణలో సీటు రాక వెల్డింగ్ రాడ్డు పట్టినవాణ్ణి నేను. ట్రాక్టర్ ట్రాలీలు చేసేవాణ్ణి. భూమన్న పన్నెండేళ్లు ఎడారి దేశపు గ్యారేజీల్లో ఇసుకలో పరుగెత్తే కార్లకు చట్రాలు అతికి, ఇక పోనని ఒట్టేసుకుని కోరుట్లకు తిరిగి వచ్చాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి నన్ను తోడు పిలుచుకున్నాడు. వయసులో పదేళ్లు పెద్ద, పనిలో ఎంత పెద్దో చెప్పడానికి నాకు కొలత లేదు.

జగిత్యాల వ్యాపారి ఒకాయన కార్ల పందేల ట్రాకు మీద నడుపుకోవడానికి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేసివ్వమన్నాడు. అది నచ్చితే మిత్రుల కోసం మరో నాలుగు చేయిస్తానన్నాడు. అప్పటికే ట్రాలీల పని పడిపోయింది. భూమన్నకు మళ్లీ వీసా వచ్చి ఉంది. "గీ బండి ఉరికితె నేను ఈడ్నె ఉంట జమీలూ. ఉరకకుంటె మల్ల గాడికే" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, ఆయన భార్య రాజవ్వ వదినె ఆ మాట వినగానే లోపలికి వెళ్లిపోయేది.

చట్రానికి గొట్టాలు సిరిసిల్ల నుంచి తెచ్చాం. మగ్గాలు ఆగి, నేతగాళ్లు భివండికి వలసపోయి, షెడ్లు విప్పి అమ్ముతున్న కాలమది. భూమన్న ఆ ఇనుమును చేత్తో తడిమాడు. "ఎవని కడుపు కొట్టిందో గీ ఇనుము. మంచిగ వాడాలె" అన్నాడు.

ఆయన ప్రతిభ మొత్తం ఆ కారు వెనక భాగంలో, డిఫరెన్షియల్ దగ్గర కనబడింది. ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే ఇనుప గుండు అది. దీన్ని చక్రాలతో పాటు ఊగకుండా చట్రానికే బిగించాలి. పికప్ పెడల్ తొక్కగానే దాని మూతి, అంటే ముందు కొస, పైకి లేవాలని చూస్తుంది. లేవనిస్తే ఇంజన్ నుంచి వచ్చే షాఫ్ట్ ఊడుతుంది. లేవనే లేవకుండా చట్రంతో ఏకం చేస్తే, చట్రం మెలి తిరిగినప్పుడల్లా ఆ మెలి, గుండును బిగించే చెవుల మీద పడి అవి పగులుతాయి. భూమన్న వెనక రెండు చెవులను కాస్త కదలనిచ్చే రబ్బరు బుష్షుల మీద కూర్చోబెట్టాడు. మూతికి పొడుగాటి బ్రాకెట్టు బిగించి, దాని కొసన కూడా ఒక రబ్బరు బుష్షు పెట్టాడు. ఆ మూడు చోట్ల నుంచి గొట్టాలను ముక్కోణాలుగా చట్రంలోకి దించాడు. ఎందుకింత తతంగమని అడిగితే, తాటిచెట్లెక్కి కల్లు గీసిన తన తండ్రిని తలచుకున్నాడు. "మా నాయిన మోకు జూసినవా? నడుముకు, చెట్టుకు కలిపి పట్టుకుంటది. గని జరుగుతది. చెట్టుకు బిగుసుకపోతె మనిషి పైకి పోడు, కిందికి రాడు. గీ మూతిని గట్లనే పట్టుకోవాలె."

మనిషి కూర్చున్నాకే ఫుల్ వెల్డింగ్ అన్నది ఆయన నియమం. బరువు పడితే చట్రం ఎంత దిగుతుందో చూసి గానీ చివరి కుట్టు వేయడు. ఆ రోజు వెనక వడ్ల బస్తాలు వేసి, "రాజవ్వా, అచ్చి సీట్ల కూసో" అని కేకేశాడు. "నేనేమన్న బస్తానా?" అంటూనే వదినె కొంగు దోపుకొని కూర్చుంది. స్టీరింగ్ పట్టుకొని, "కొంటబోనా బండి?" అంది. ఆ ఇంట్లో నేను చూసిన ఆఖరి సంబురం అదే.

ట్రయల్‌కు ముందురోజు మధ్యాహ్నం భూమన్న, ఈ కారు నచ్చుతుందన్న ధీమాతో, రెండో కారు గొట్టాల కోసం సిరిసిల్ల వెళ్లాడు. నేను కారును వాకిట్లో ముందుకూ వెనక్కూ నడిపి చూశాను. మూతి దగ్గర టక్కుమని చిన్న చప్పుడు. బిగింపు వదులైందనుకున్నాను. ట్రాలీలు చేసినవాడికి ఊగేదంతా లోపంగానే కనబడుతుంది. గట్టిగా పెట్టు, ఇంకో కుట్టు వెయ్యి అని రైతులు అంటే వేసెయ్యడం, అదే మంచితనమనుకోవడం నా అలవాటు. బుష్షు దాటించి, బ్రాకెట్టును చట్రానికి కలిపేస్తూ ఒక ఇనుప పట్టీ వేసి అతికాను. చప్పుడు పోయింది. మేలు చేశాననుకున్నాను.

మర్నాడు ట్రయల్‌లో, ముత్యంపేట దారిలో, వ్యాపారి పికప్ గట్టిగా తొక్కాడు. మెరక దిగుతుండగా పెళ్లుమంది. గుండు చెవి పగిలి, షాఫ్ట్ ఊడి, కారు కొంతదూరం ఈడ్చుకుపోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. భూమన్న కారు కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక నా వైపు చూడకుండా, "నా తప్పే సార్. మూతి సరిగ పట్టలే" అన్నాడు. వ్యాపారి మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు.

శబ్దం విని బోల్టు తప్పు చెప్పే మనిషి ఆ పట్టీని చూడలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. నెల తిరగకుండానే, యాభై ఒకటో ఏట, ఆయన విమానం ఎక్కాడు. వెళ్తూ వెల్డింగ్ మిషన్ నా ఇంటికి పంపించాడు.

దినాలు అయ్యాక వెళ్లి వదినె ముందు కూర్చున్నాను. "వదినే, గా పట్టీ నేనేసిన. అన్న పోవుడు నా వల్లనే" అన్నాను. ఆమె ఏడవలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

"నాకెరుకే తమ్మీ. పోయేనాడే చెప్పిండు. 'వానికి చెప్పకు. తెలిసిందంటె మల్ల రాడ్డు ముట్టడు, వాని పిల్లలు సిన్నోళ్లు' అన్నడు." మళ్లీ తనే అంది, "నువ్వే అచ్చి చెప్తవని రెండేండ్లు సూసిండు. ఫోన్ల అడుగుతుండె, జమీలు వచ్చిండా అని."

కర్మనిష్ఠకు, క్షమకు ఒకే దేహం ఆశ్రయమైన అట్లాంటి మనిషి మా ప్రాంతంలో మళ్లీ పుట్టడని బరువెక్కిన గుండెతో రాస్తున్నాను. ఆయన ఖాళీ చేసిన చోటును నాబోటివాళ్లం పదిమందిమి కలిసినా నింపలేం. ఆ కారు పగలడంలో ఆయన తప్పు రవ్వంత లేదని కోరుట్ల, జగిత్యాల తెలుసుకోవాలి.

భూమన్నా, నీ ఇల్లు మా ఇంటికి నాలుగు ఇళ్ల అవతలే. రెండేళ్లలో ఒక్కసారి కూడా రాలేకపోయాను.