కంప్యూటరుతో నలుగురం ఆడిన ఆట

మా లెక్కల సారు పోయారని మొన్న కళ్యాణదుర్గం నుంచి ఫోన్ వచ్చింది. నిద్రలోనే, బాధ పడకుండా వెళ్లారట. ఏడ్చాను. ఏడుస్తూనే, పోయిన నెల వెళ్లి, ఎంతోకాలంగా దాచుకున్న ఒక మాట ఆయనకు చెప్పేసి వచ్చాను కదా అని కుదుటపడ్డాను.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. సారు నాకు లెక్కలతో పాటు చదరంగం కూడా నేర్పారు. "తలకాయ వంచితే బోర్డు మీదికే వంచల్ల పాపా" అనేవారు.

నేను తొమ్మిదిలో ఉండగా బడికి కంప్యూటరు వచ్చింది. జిల్లా పోటీల్లో గెలిచిన సారును కూడా అందులోని చదరంగం రోజూ ఓడించేది. "ఒక్కడు చాలడు. నలుగురం కూచుంటే దాని కత తేలుస్తాం" అని, తనతో పోటీలకు వెళ్లే నూనెమిల్లు రెడ్డిగారిని, బ్యాంకు గుమస్తాను పిలిచారు. నాలుగో మనిషిని నేను. ప్రతి ఎత్తుకూ చేతులెత్తాలి, ఎక్కువమంది చెప్పిందే ఆడాలి.

ఆ ఆదివారం గంటసేపు బాగానే నిలబడ్డాం. అప్పుడు కంప్యూటరు ఒక ఏనుగును ఊరికే వదిలింది.

"ఏమప్పా, ఇంత ఎడ్డిదా ఇది! కొట్టు సారూ!" అంటూ రెడ్డిగారు చెయ్యెత్తారు. గుమస్తా ఎత్తారు. సారు కాసేపు ఆగి ఎత్తారు. దాన్ని కొడితే మా రాజు చిక్కుతాడని నాకు కనిపిస్తూనే ఉంది. అంత పెద్దవాళ్ల ముందు నేనేం చెప్పేది? నేనూ చెయ్యెత్తాను. నాలుగు ఎత్తుల్లో ఓడిపోయాం.

"నలుగురి తలకాయలు కలిపినా ఒక తలకాయ కాలేదే సారూ!" రెడ్డిగారు నవ్వారు. సారు నవ్వలేదు.

మరుసటి వారం సారు పద్ధతి మార్చారు. ఎవరి ఎత్తు వాళ్లు ముందే చీటీలో రాయాలి, కారణంతో సహా. అన్నీ చదివాకే మాట్లాడాలి. ఆ రోజు మూడుసార్లు నా చీటీ ఒక్కటే వేరుగా వచ్చింది. ఒకసారి వాదించుకుని దాన్నే ఆడారు. ఆట డ్రా అయింది.

నా మౌనం కనిపెట్టినందుకే సారు చీటీలు పెట్టారనుకున్నాను. తెలిసి తెలిసి ఆయన్ను ఓడించానన్న దిగులు నాలో ఉండిపోయింది. నాకు టీచరు ఉద్యోగం వచ్చాక కూడా ఆయన ఎదుట నిలబడాలంటే జంకేదాన్ని.

పోయిన నెల ఆయన ఇంటికి వెళ్లి చెప్పేశాను. "సార్, ఆ ఏనుగు ఎర అని నాకు తెలుసు. మీరు చెయ్యెత్తినారని నేనూ ఎత్తినా."

సారు దగ్గొచ్చేదాకా నవ్వారు. "నాకూ తెలుసు పాపా. వాళ్లిద్దరూ ఎత్తినారని నేనెత్తినా. చీటీలు నీ కోసరమనుకుంటివా? నా కోసరం పెట్టినా."

ఎన్నేళ్ల బరువో దిగిపోయింది. బయట చెప్పులు వేసుకుంటూ కిటికీలోంచి చూశాను. సారు మంచం మీద బోర్డు పెట్టుకుని ఒక్కరే ఆడుకుంటూ గుర్రాన్ని జరిపారు. రొట్టెల పిండి చేతులతో అటు వెళ్తున్న కోడలు ఆగింది.

"మామా, దాన్ని యాడికి పంపిస్తాండావు? సచ్చిపోతాది."

సారు వంగి చూశారు. గుర్రాన్ని తీసి వెనక్కి పెట్టి, ఆమె కూర్చునేందుకు మంచం మీద కాస్త పక్కకు జరిగారు.