మెక్సికో గోడ, మా అత్త కుర్చీ

నాకొక గురువున్నాడు. మెక్సికోలో ఇళ్లు కట్టిన ఆర్కిటెక్టు. పేరు చెప్పను. ఇరవై ఏళ్లుగా కొలుస్తున్నా ఆ పేరు సరిగ్గా పలకడం నాకింకా రాలేదు. చెన్నైలో చదివేటప్పుడు లైబ్రరీలో ఆయన జీవితచరిత్ర దొరికింది. అది చదువుతూ కూర్చుని ఒక పరీక్ష తప్పాను.

నాకు బాగా నచ్చింది ఆయన గొప్పతనం కాదు, ఆలస్యం. సగం జీవితం ఆయన అద్దె వాటాలే కట్టాడు. గాలి రాని గదులు, కాలు పట్టని మెట్లు, ఓనరు వేలు చూపించిన చోటల్లా బాత్రూము. నలభై దాటాక ఒకరోజు ఓనర్లందరికీ దండం పెట్టేసి, స్థలం కొనుక్కుని, తనకోసం ఒక ఇల్లు కట్టుకున్నాడు. వీధి వైపు ఒక్క కిటికీ లేదు. ఎత్తైన గులాబీరంగు గోడ, అంతే. లోపల చెట్లు, నీళ్లు, నిశ్శబ్దం. ఇరుగుపొరుగు నవ్వారు. తర్వాత ఎక్కడెక్కడివాళ్లో విమానాలెక్కి వచ్చి ఆ గోడను చూసి వెళ్లారు.

నేనూ నెల్లూరులో ఆఫీసు తెరిచి అద్దె వాటాలే కట్టాను. నాయుడుపేటలో ఒక కల్యాణమండపానికి సింహాల తలలు పెట్టాను. వాటి నోట్లోంచి లైట్లు వెలగాలన్నారు, వెలిగించాను. నలభై దాటిన రోజు నుంచి నా గోడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను.

అది మా మేనత్త రూపంలో వచ్చింది. అత్త మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. బతుకంతా క్వార్టర్సులో గడిపి, చివరికి కృష్ణపట్నం రోడ్డు పక్కన నలభై అంకణాల స్థలం కొన్నది.

"నాకేం తెలుసబ్బయా, నీ ఇష్టమొచ్చినట్టు కట్టు" అన్నది.

ఒక ఓనరు నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదటిసారి. ఇంకేమీ అడగలేదు నేను. ఆమె ఏదైనా అనబోతే "మా గురువుగారు ఒప్పుకోరత్తా" అనేవాణ్ణి. వరండా? ఒప్పుకోరు. వీధి కిటికీ? ఒప్పుకోరు. మావైపు క్రైస్తవులు ఇంటి ముందు గోడ మీద వాక్యం రాయించుకుంటేగాని ఇల్లు పూర్తయిందనుకోరు. అదీ ఒప్పుకోరన్నాను. పాపం, తలూపింది.

గోడ లేచింది. పద్నాలుగు అడుగులు, గులాబీరంగు. తలుపును పక్కసందులోకి పెట్టాను. గృహప్రతిష్ఠ ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు తలుపు దొరక్క పక్కింటివాళ్లను దీవించబోయారు. మర్నాడే రొయ్యల మేత లారీ ఒకటి ఆగి, గోడౌను అద్దెకిస్తారా అని అడిగి వెళ్లింది. నేను పొంగిపోయాను. మెక్సికోలోనూ నవ్వారు కదా!

నెల తర్వాత వెళితే అత్త వీధిలో ఉంది. గోడకు ఆనించి ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్లో బీపీ మిషన్, నెత్తిన తడి తువ్వాలు. చుట్టూ నలుగురు ఆడవాళ్లు. బీపీ చూపించుకోవడానికో, కట్టు మార్పించుకోవడానికో, ఊరికే కబుర్లకో వచ్చేవాళ్లకు ఆ గోడలో పిలిచే చోటు కనబడలేదట. నర్సమ్మకు ఇల్లొచ్చింది, దాంతో పొగరూ వచ్చిందన్నారట. అందుకని ఆమే బయటికొచ్చి కూర్చుంది.

"లోపల అంత చల్లగా కట్టినాను గదత్తా!"

"చల్లగానే ఉండాదిలే. ఒక్కదాన్నే కూచోని ఏం జేసుకోను ఆ చల్లదనాన్ని?"

అప్పుడే నాకు బుద్ధి వచ్చిందని చెప్పుకోవాలని ఉంది. రాలేదు. ఇంకో రెండు నెలలకు చెన్నై నుంచి పత్రికవాళ్లు ఫొటోలకు వస్తే, నేను మొదట చేసిన పని ఆ కుర్చీని లోపలికి ఈడ్చడం. తర్వాత అత్తను లోపలికి పంపించడం.

పత్రిక నుంచి వచ్చిన అమ్మాయి అత్తను అడిగింది. "ఈ ఇంట్లో ఉండటం ఎలా ఉందమ్మా?"

"శానా ప్రశాంతంగా ఉండాదమ్మా. ఎప్పట్నుంచో ఇట్టాంటి ఇల్లే కావాలనుకున్నా."

మా అత్త అబద్ధమాడదు. పెద్ద డాక్టర్ల ముందు కూడా నిజమే చెప్పి రెండుసార్లు బదిలీ అయింది. అలాంటి మనిషి నాకోసం ఆడింది, బైబిలు పక్కనే పెట్టుకుని. సిగ్గుతో చచ్చిపోయాను. నా గురువు మనుషులంటే పడక ఆ గోడ కట్టుకున్నాడు. ఆ సంగతి జీవితచరిత్రలో పేజీలకు పేజీలు ఉంది. నేనే బొమ్మలు చూస్తూ దాటేశాను. మా అత్తకేమో మనుషులు తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

పత్రికవాళ్ల కారు కదలగానే సుద్దముక్క తెచ్చి గోడ మీద గీయడం మొదలుపెట్టాను. ఇక్కడ కిటికీ, ఇక్కడ తలుపు, దాని ముందు వరండా. అత్త గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పగలగొట్టబాక అబ్బయా. మీ గురువుగారు వచ్చి చూసిందాకా ఉండనీ."

"ఆయన యాడొస్తాడత్తా?"

"ఎప్పుడో ఒకరోజు వస్తాడు గదా. నీ ఇష్టంగా నువ్వు కట్టిన తొలి ఇల్లు. ఆయనొచ్చేతలికి గోడకు బొక్కలుంటే నిన్ను మాటంటాడని నేను నోరు మూసుకోనుండాను."

"ఆయన నా చిన్నప్పుడే పోయినాడత్తా."

అత్త నా చెయ్యి వదిలేసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, గోడ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది.

"అంటే, సచ్చిపోయినాయన కోసమంట్రా నన్ను మూణ్ణెల్లు ఎండలో కూచోబెట్టినావు?"