చాంద్ బాషా అడిగిన నకలు

రియాద్‌లో లిఫ్టులు బాగుచేసే ఒక కంపెనీ ఆఫీసులో పనిచేసే లక్ష్మణ్‌కు ఆ వారమంతా ఎవరిని చూసినా అనుమానమే. ఈ జగిత్యాల మనిషికి సాయంత్రాలు రూమ్‌లో కూర్చొని, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు పొదుపు గురించీ కొలువుల గురించీ మారుపేరుతో బ్లాగు రాయడం సరదా. అది తనదని ఆఫీసులో ఎవరికీ తెలియదని ధీమా.

ఇప్పుడు తనే గుట్టుగా వేరే కొలువు వెతుక్కున్నాడు. ఇకామా, అంటే సౌదీలో ఉండే పర్మిట్, కొత్త కంపెనీ మీదికి మారడాన్ని ఇక్కడ అందరూ ‘నకల్’ అంటారు. ఆ మాట మేనేజర్ చెవిన పడితే పని చెడినట్టే.

సరిగ్గా అప్పుడే పక్క సీటు చాంద్ బాషా ఇటు వంగి, మెల్లగా అడిగాడు.

“లక్ష్మణన్నా, నకలు సంగతి ఏం చేసినావు?”

లక్ష్మణ్ గిర్రున ఇటు తిరిగాడు. “ఎవడు చెప్పిండు భాయ్ నీకు? ఆ కంపెనోళ్లు ఇంకా ఒప్పుకోనేలేదు! అప్పుడే మేనేజర్ దాకా మోసినవా?”

చాంద్ బాషా బిత్తరపోయాడు. “నేనడిగింది నీ పాస్‌పోర్టు నకలన్నా! ఇన్సూరెన్సుకు కావాలని పొద్దున చెప్పినా కదా.”

ఒకప్పుడు రాయచోటిలో దస్తావేజులు రాసిన చాంద్ బాషా, జిరాక్సును ఏనాడూ జిరాక్సు అనడు, నకలు అనే అంటాడు. అది లక్ష్మణ్‌కు తెలియనిది కాదు. అనుమానం గుర్తుకు రానివ్వలేదు, అంతే.

చాంద్ బాషా చుట్టూ చూసి, గొంతు ఇంకా తగ్గించాడు.

“కొత్త కొలువు ఖాయమయ్యేదాకా పక్క సీటువాడికి కూడా చెప్పొద్దని పోయిన వారం బ్లాగులో రాసింది నువ్వే కదన్నా?”