పాడెకు అడ్డం నిలబడ్డ పోచవ్వ

ఎల్లారెడ్డి ఊళ్లోని ఓ గల్లీలో కరెంటు కొట్టి కోతి చచ్చిందంటే మనిషి పోయినంత హడావిడి. పసుపు పూసి, దండ వేసి, పాడె మీద డప్పులతో సాగనంపుతారు. ఆంజనేయస్వామి రూపమాయె మరి! మర్నాడు మిగిలిన కోతులు మళ్లీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ తీగల మీదుగానే జామచెట్టుకు దూకుతాయి. ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఈసారి చచ్చింది పాలిచ్చే తల్లి. దాని పిల్ల గోడ మీద కూర్చొని కీచుకీచుమంటోంది. రేపు ఆ పిల్లా అదే తీగ పట్టుకుంటుంది. బీడీలు చుట్టుకుంటున్న పోచవ్వ చేట పక్కన పెట్టి లేచింది. పాడె రాగానే అడ్డం నిలబడింది.

"దించుండ్రి. ఈ ట్రాన్స్‌ఫార్మర్ కిందనే దించుండ్రి."

డప్పు ఆగింది. గల్లీ పెద్దమనిషి బాలయ్య కళ్లెర్రజేశాడు. "ఏంది పోచవ్వా, శవానికి అడ్డమొస్తవా? పాపం తగుల్తది."

"పోయినేడు గూడ దండ ఏసినం గద బాపు, ఏమాయె? దేవుడని మొక్కుడు మీరే, దేవుడు నడిచే బాటల కరెంటు పెట్టుడు మీరే!"

"అవ్వా, కోతికి గూడ ధర్నానా?" వెనకనుంచి కుర్రాడు రమేశ్ నవ్వాడు.

"నవ్వురా నవ్వు. నువ్వు పోతే నీకు డప్పు గూడ కొట్టరు."

ఈసారి నవ్వు రమేశ్ మీదికి మళ్లింది. అంతలో గొడవ విని లైన్‌మన్ భీమేష్ వచ్చాడు. పోచవ్వ తీగల వైపు వేలు చూపింది. "అవ్వా, తీగలకు తొడుగులు రాలే. వచ్చినంక ఏస్త."

"రాలేదా? బిల్లు కట్టనొస్తే మీ ఆఫీసు మూలకు నల్లటి గొట్టాలున్నయి. ఇవేందిరా అని అడిగితే, తీగలకు తొడిగేటివని నువ్వే చెప్తివి గద బిడ్డా?"

భీమేష్ తల గోక్కున్నాడు. పోచవ్వ బాటకు అడ్డంగా పాడె ముందే చతికిలబడింది. బాలయ్య పడమటి వైపు చూశాడు. పొద్దుగూకితే పూడ్చకూడదు, రాత్రంతా శవం గల్లీలోనే ఉండాలి. ఆ ఆచారం పోచవ్వకూ తెలుసు. అందుకే కదల్లేదు.

"పోరా భీమేష్," చివరికి బాలయ్యే కసిరాడు, "తెచ్చి తొడుగు. ఈమె లేవది."

కరెంటు బందు పెట్టి భీమేష్ నిచ్చెనెక్కాడు. తీగలన్నిటికీ నల్లని తొడుగులు పడ్డాక డప్పు మళ్లీ మోగింది. పాడె లేచింది. పోచవ్వ మాత్రం లేవలేదు.

"ఇంకేందే?" అన్నాడు బాలయ్య.

"బస్టాండు కాడి ట్రాన్స్‌ఫార్మర్ మీద గూడ కోతులు దూకుతయి. దానికి ఎప్పుడేస్తడో చెప్పమను. అప్పుడు లేస్త."